వెయ్యి కిలోల దగ్గర రెండు గీతలు

తమ్ముడికి,

అక్క రాస్తున్నది. మీ బావ దగ్గు, నా మోకాలు, షాపు షట్టరు, ఈ మూడూ తప్ప ఇక్కడ అన్నీ సవ్యంగానే ఉన్నాయి. షట్టరు సగం దాకా లేచి ఆగిపోతోంది. బట్టలు తెచ్చేవాళ్లంతా నాకు వంగి దణ్ణం పెడుతున్నట్టే లోపలికొస్తున్నారు.

అసలు సంగతికొస్తాను. మొన్న వాషింగ్ మెషీన్ల కంపెనీ ఏజెంటు మన లాండ్రీకి వచ్చాడు. బీరువా అంత మెషీను బొమ్మ చూపించాడు. బట్టలు పడినా పడకపోయినా నెలకి తొమ్మిది వేలు అద్దె కట్టాలట. ఆపైన కరెంటు, నీళ్లు, సబ్బు కలిపి కిలోకి మూడు పడుతుందట. ఇప్పుడు మనం చేత్తో ఉతికే మరకలమ్మకీ ఆవిడ చెల్లెలికీ కిలోకి పన్నెండు ఇస్తున్నాం. సబ్బు వాళ్లదే. అద్దె లేదు, గిద్దె లేదు.

ఏజెంటేమో "పన్నెండెక్కడ, మూడెక్కడ" అంటాడు. మీ బావేమో "తొమ్మిది వేలెక్కడ, సున్నా ఎక్కడ" అంటారు. ఇద్దరి మాటా నిజమే. ఇద్దరు మగవాళ్లు ఒకేసారి నిజం చెబుతుంటే నాకు కంగారుగా ఉంది.

నువ్వు ముప్పై ఏళ్లుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నావు. ఆ లెక్కలు ఇంతవరకు మన ఇంట్లో ఎవరికీ అక్కరకు రాలేదు. ఇప్పుడైనా కాస్త పని చేయించు. శుక్రవారం లోపల చెప్పకపోతే మెషీను ఇంకెవరికో ఇచ్చేస్తాడట.

ఇంకో మాట. మరకలమ్మ పందొమ్మిదేళ్లుగా మా వెనక గదిలో ఉతుకుతోంది. సిరా, నూనె, తుప్పు, ఆవిడ చేతిలో పోని మరక లేదు. మెషీను వస్తే అక్కచెల్లెళ్లిద్దరికీ పని ఉండదు. ఆ మాట వాళ్ల మొహం మీద అనలేక నీకు రాస్తున్నాను.

దారి తోచని
అక్క

తా.క.: మెషీను చప్పుడే చెయ్యదని ఏజెంటు గొప్పగా చెప్పాడు. "అయితే అది పని చేస్తోందో నిద్రపోతోందో తెలిసేదెలా? మరకలమ్మ అయితే పాడుతుంది" అన్నారు మీ బావ.

*

అక్కకి,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివి లేచి నిలబడ్డాను. పరీక్ష లేకుండా ఒక మనిషి నన్ను లెక్క అడగడం ముప్పై ఏళ్లలో ఇదే మొదలు. పక్కనున్న సైన్సు మాస్టారు ఎవరు పోయారని అడిగాడు.

ఇది చాలా తేలికక్కా. నెలకి వచ్చే బట్టల్ని x అనుకో. అయ్యే ఖర్చుని y అనుకో. చేత్తో ఉతికిస్తే y = 12x. మెషీనుతో అయితే y = 3x + 9000. ఇవి రెండూ గ్రాఫు మీద తిన్నటి గీతలవుతాయి. చేతి ఉతుకు గీత సున్నా దగ్గర మొదలై గబగబా పైకెక్కుతుంది. మెషీను గీత మొదట్లోనే తొమ్మిది వేల ఎత్తున కూర్చుని, అక్కణ్ణించి నిదానంగా నడుస్తుంది.

x ఒక్కటి పెరిగినప్పుడల్లా మెషీను నీకు తొమ్మిది మిగులుస్తుంది. అలా తొమ్మిదేసి చొప్పున మిగిలి తొమ్మిది వేల అద్దె పూడాలంటే x వెయ్యి కావాలి. కాబట్టి వెయ్యి దగ్గర రెండు గీతలూ కలుస్తాయి. అక్కడ ఎటుచూసినా పన్నెండు వేలే. వెయ్యి లోపైతే మరకలమ్మ చౌక, వెయ్యి దాటితే మెషీను చౌక.

పెద్ద గ్రాఫు కాగితం మీద గీసి పంపుతున్నాను. ఎర్ర గీత చేతి ఉతుకు, నీలి గీత మెషీను. కళ్లకెదురుగా గోడకి అంటించుకో. నువ్వు చెయ్యాల్సిందల్లా మీ x ఎంతో చూసుకోవడం.

బావగారికి నమస్కారాలు.

నీ లెక్కల
తమ్ముడు

తా.క.: x ని చూసి బెదిరిపోకు. అది ఎంతైనా కావచ్చు.

*

తమ్ముడికి,

నీ ఉత్తరం చూశాను. ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసిన ఉత్తరానికి ఇన్ని ఇంటూలు పెడతావా? నీ పలక తుడిచి, నీ చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించినదాన్ని. నాకే తప్పులు పెడుతున్నావా? రెండు పూటలు అన్నం సహించలేదు.

చివరికి మీ బావ కళ్లద్దాలు పెట్టుకుని చదివి, "ఇవి తప్పు గుర్తులు కావే, ఎంతో తెలియని చోట పెట్టే గుర్తు" అన్నారు. ఎంతో తెలియకపోతే నన్నడగాలి గానీ గుర్తులు పెట్టి కూర్చుంటే ఎలా? బట్టలకి నంబర్లు కుట్టేదాన్ని నేను. నాకు తెలియదా?

తర్వాత కోపం దిగాక గోడకంటించిన గ్రాఫు చూశాను. బాగుంది. నీ గీతలు రెండూ నాకు అర్థమయ్యాయి. ఎర్ర గీత మొదట్లో చవగ్గా కనబడి తర్వాత నెత్తికెక్కి కూర్చునే రకం. నీలి గీత మొదట్లో చేతి చమురు వదిలిస్తుంది గానీ తర్వాత తర్వాత నిదానం. నువ్వు చెప్పినట్టే నీలి గీతనే ఖాయం చేసుకున్నాను. ఎర్ర గీతని ఇన్నేళ్లు చూసి ఒక్కసారి వదిలెయ్యాలంటే మనసొప్పడం లేదు. నీకూ అంతే కదా.

నీకు రుణపడ్డ
అక్క

తా.క.: అన్నట్టు, మన x నెలకి నాలుగు వేలు. ఎంత పాడు నెలైనా మూడున్నర వేల బట్టలకి తగ్గదు. వెయ్యి ఎప్పుడో దాటేశామని, ఏజెంటుని పిలిచి రెండేళ్లకి అగ్రిమెంటు మీద సంతకం పెట్టేశాను.

*

అక్కా,

నీ తా.క. మళ్లీ మళ్లీ చదివాను. నాలుగు వేల బట్టలా? ఉతుకు కూలి కిలోకి కదా, మెషీను ఖర్చూ కిలోకే కదా. వెయ్యి అంటే వెయ్యి కిలోలక్కా, వెయ్యి చొక్కాలు కాదు. ఒక దిండు గలీబూ ఒక దుప్పటీ రెండూ ఒకటేనా?

తప్పు నాదే. "నెలకి వచ్చే బట్టలు" అని రాసి, కిలోల్లో అని రాయలేదు. పక్కన కొలమానం రాయకపోతే పిల్లలకి సగం మార్కులు కోసే మనిషిని నేను. ఇప్పుడు నాకు నేనే సున్నా వేసుకున్నాను.

తూకం బావగారే చూస్తారు కదా. పోయిన నెల ఎన్ని కిలోలు తూచారో వెంటనే కనుక్కో. అగ్రిమెంటు మధ్యలో మానుకుంటే ఏమవుతుందో కూడా చూడు. అక్షరాలు ఎంత చిన్నవైనా సరే, చివరిదాకా చదివించు.

గుండె చేత్తో పట్టుకున్న
తమ్ముడు

తా.క.: నీ ఉత్తరం ముందు మీ మరదలి చేతిలో పడింది. రెండు రోజులుగా నాతో మాటల్లేవు. నిన్న తనే నోరు తెరిచి, "ఆ గీతలిద్దరూ ఎక్కడ కలుస్తారు?" అంది. లెక్క గురించే కదా అని "వెయ్యి దగ్గర" అన్నాను. "అది ఏ వీధి?" అంది. ఇంకో గ్రాఫు గీసి చూపించి బయటపడ్డాను. ఇప్పటికీ పూర్తిగా నమ్మినట్టు లేదు.

*

తమ్ముడికి,

కూర్చుని చదువు. నీళ్లు పక్కన పెట్టుకో.

మీ బావని నిద్ర లేపి అడిగాను. పోయిన నెల తూకం తొమ్మిది వందల కిలోలట. ముందు నెలా అంతేనట. "ఇన్నాళ్లూ చెప్పరేం" అంటే "నువ్వు అడిగితే కదా" అన్నారు. అగ్రిమెంటు చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాలున్నాయి. మధ్యలో మానేస్తే ఆరు నెలల అద్దె ఒకేసారి కట్టాలట. మీ బావ అది పైకి చదివి, కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ చదివారు. అదే ఉంది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇంకోటి. నీ గ్రాఫు మీ బావ కుర్చీ వెనక గోడకంటించానా? ఆ కుర్చీలో ఆయన దగ్గుకని మెడకీ తలకీ మఫ్లరు చుట్టుకుని మధ్యాహ్నం కునుకు తీస్తుంటారు. వీధి చివర మందుల షాపాయన చొక్కాలు తెచ్చాడు. ఆయన్నీ చూశాడు, వెనక గోడా చూశాడు. ఎర్ర గీత కిందినుంచి పైదాకా తిన్నగా పోయింది కదా. "ఎన్నాళ్లనుంచమ్మా?" అన్నాడు మెల్లగా. గ్రాఫు గురించి అనుకుని "పది రోజులనుంచి" అన్నాను. "ఒక్క రోజూ దిగలేదా?" అన్నాడు. "దిగదండీ, పోయేకొద్దీ ఎక్కడమే" అన్నాను. ఆయన తెచ్చిన చొక్కాలు అలాగే చంకలో పెట్టుకుని వెనక్కి పోయాడు.

మర్నాటినుంచి వీధిలో ఒక్కరు గుమ్మం తొక్కితే ఒట్టు. మన షాపులో అంటుజ్వరం ఉందట. అది బట్టల ద్వారా పాకుతుందట. బట్టలు వేసినవాళ్లు కూడా ఉతక్కుండానే తీసుకుపోయారు. మీ బావ మూడు రోజుల తర్వాత గానీ నాకీ సంగతి చెప్పలేదు. ఎందుకంటే నాలుగు దుకాణాలవాళ్లు ఆయనకి పళ్లు తెచ్చిచ్చారు.

ఈ లెక్కన ఈ నెల నాలుగు వందల కిలోలు దాటవు. మెషీను బుధవారం వస్తుంది.

నీరుగారిపోయిన
అక్క

తా.క.: పళ్లు బాగున్నాయి.

*

అక్కా,

లెక్క మళ్లీ వేశాను. తొమ్మిది వందల కిలోలైతే చేతి ఉతుకు పదివేల ఎనిమిది వందలు, మెషీను పదకొండు వేల ఏడు వందలు. నెలకి తొమ్మిది వందలు చేజారినా ఎలాగో సర్దుకోవచ్చు. కానీ నాలుగు వందల కిలోలైతే? చేతి ఉతుకు నాలుగువేల ఎనిమిది వందలు, మెషీను పదివేల రెండు వందలు. అయిదు వేల పైన నష్టం. లెక్క తేల్చడానికి నేను పంపిన గ్రాఫే లెక్కని మార్చేసింది. ఇలాంటిది ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ముందు ఆ కాగితం గోడమీంచి పీకెయ్యి. బావగారి మఫ్లరు తీయించి రోజూ వీధిలో నడిపించు, ఆరోగ్యంగా ఉన్నారని నలుగురూ చూడాలి. మరకలమ్మకి ఇంకా చెప్పలేదా? ఆవిడ బుధవారం వచ్చి వెనక గదిలో మెషీనుని చూస్తే ఎలా ఉంటుందో ఆలోచించు. నువ్వే చెప్పు, అదీ ముందే చెప్పు.

సిగ్గుతో
తమ్ముడు

తా.క.: మీ మరదలు ఇప్పుడు గీతల్ని నమ్మింది. నన్ను మాత్రం లెక్కల మాస్టారంటే నమ్మట్లేదు.

*

తమ్ముడికి,

నీ ఉత్తరం మంగళవారం అందింది. గ్రాఫు పీకుదామని స్టూలెక్కాను. వెనకనుంచి మరకలమ్మ గొంతు వినిపించింది.

"ఆ ఎర్ర గీత మేమేనామ్మా?"

స్టూలు మీంచి పడబోయి గోడ పట్టుకున్నాను. దొరికిపోయిన దొంగలా దిగొచ్చాను. ఇక దాచి లాభం లేదని అంతా చెప్పేశాను. మెషీను సంగతి, తొమ్మిది వేల అద్దె, కిలోకి మూడు, గీతలు కలిసే చోటు, నా సంతకం, ఆరు నెలల జరిమానా. చెల్లెలు గుమ్మానికి చేరబడి ఏడ్చింది. మరకలమ్మ ఏడవలేదు. తడి చేతులు కొంగుకి తుడుచుకుని కాగితం దగ్గరికొచ్చింది. నీలి గీత మీద వేలు పెట్టి చివరిదాకా జరిపింది.

"ఇది కాగితం చివరికొచ్చాక ఎక్కడికి పోతుంది?" అంది.

"ఎక్కడికీ పోదు, ఇలాగే మెల్లగా పోతూ ఉంటుంది" అన్నాను.

"మేమేమో పైపైకి పోతూనే ఉంటాం" అంది. గ్రాఫు గోడమీంచి జాగ్రత్తగా ఊడదీసి, చుట్ట చుట్టి, చెల్లెల్ని లేపుకుని వెళ్లిపోయింది. ఆ నెల కూలి కూడా అడగలేదు.

బుధవారం మెషీను దిగింది. వాళ్లు రాలేదు. గురువారమూ రాలేదు. మన ఇస్త్రీ మేస్త్రి ఒక్కో కబురూ మోసుకొచ్చాడు. అక్కచెల్లెళ్లు ఆ చుట్ట పట్టుకుని పొద్దున్నే స్టేషను దగ్గరి లాడ్జికి వెళ్లారట. తర్వాత నర్సింగ్ హోముకి వెళ్లారట. మీ బావ జ్వరం కాగితం డాక్టరుకి చూపించి మా షాపు మూయించేస్తారని అన్నాడు మేస్త్రి. సాయంత్రం సెలూన్‌లో కూర్చుని కనిపించారట. ఆడవాళ్లకి సెలూన్‌లో ఏం పని? మన పరువు వీధిలో పెడుతున్నారు తమ్ముడూ. పెట్టనీ. నేను చేసిన పనికి అది కూడా తక్కువే.

ఏం చెయ్యాలో తెలియని
అక్క

తా.క.: మెషీను నిజంగానే చప్పుడు చెయ్యదు. ఎందుకంటే దాన్ని ఎలా నడపాలో మాకెవరికీ తెలియదు.

*

అక్కా,

సెలవు దొరికింది, నెలాఖరు ఆదివారం బయల్దేరి వస్తున్నాను. మరకలమ్మ కాళ్లు పట్టుకోవాల్సి వస్తే నేనే పట్టుకుంటాను. ఆవిడతో తగువు పడకు. డాక్టరొస్తే గ్రాఫు నాదేనని చెప్పు.

తమ్ముడు

తా.క.: ఆరు నెలల అద్దె యాభై నాలుగు వేలు. నా దగ్గర పాతిక ఉన్నాయి. ఈ సంగతి మీ మరదలికి ఇంకా చెప్పలేదు.

*

తమ్ముడికి,

రావద్దు. టిక్కెట్టు కొనుంటే వాపసు చెయ్యి. పాతిక వేలూ బీరువాలో పెట్టెయ్యి.

శనివారం పొద్దున మరకలమ్మ వచ్చింది. చెల్లెలు వెనకే ఉంది. బల్ల మీద గ్రాఫు పరిచింది. దాని మీద మూడో గీత ఉంది. బట్టలకి వేసే నీలిమందులో పుల్ల ముంచి, స్కేలు పెట్టి గీసినట్టుంది. సున్నా దగ్గరే మొదలైంది గానీ ఎర్ర గీత అంత ఎత్తుకి పోలేదు, దాని కిందగా వెళ్లింది.

"ఇదేమిటే?" అన్నాను.

"కిలోకి తొమ్మిదమ్మా" అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెల్లెలు మూడు కాగితాలు తీసి గ్రాఫు పక్కన పెట్టింది. లాడ్జి దుప్పట్లు నెలకి పదిహేను వందల కిలోలు. నర్సింగ్ హోము బట్టలు పన్నెండు వందలు. సెలూను తువ్వాళ్లు నాలుగు వందలు. ఇవన్నీ ఇన్నాళ్లూ ఊరవతల పెద్ద ఫ్యాక్టరీకి కిలోకి పన్నెండిచ్చి పంపుతున్నారట. తొమ్మిదికి ఉతికిస్తామంటే ముగ్గురూ సంతకాలు పెట్టారు. నర్సింగ్ హోములో మాత్రం పెద్ద నర్సు ఆ గ్రాఫు చూసి, "ఈ పేషెంటు ఇంకా బతికే ఉన్నాడా?" అందట. ఇది జ్వరం కాదని ఒప్పించడానికి గంట పట్టిందట.

"మీవి తొమ్మిది వందలు కలిపితే నాలుగు వేల కిలోలమ్మా" అంది మరకలమ్మ. "ముప్పై ఆరు వేలు వస్తాయి. మెషీను అద్దె తొమ్మిది, ఖర్చు పన్నెండు, ఇరవయ్యొక్క వేలు పోతాయి. మా ఇద్దరికీ పదిహేను మిగులుతుంది. ఇన్నాళ్లూ పదివేల ఎనిమిది వందలొచ్చేవి, అందులో సబ్బు మాదే. మెషీను అగ్రిమెంటు నా పేరుకి మార్చండి. వెనక గదికి అద్దె కూడా ఇస్తాం."

మీ బావ నోట్లో దగ్గు బిళ్ల పెట్టుకోబోతూ అలాగే ఉండిపోయారు. ఇన్ని రోజులూ ఈ మనిషి గురించి నేనేమేమి అనుకున్నానో తలుచుకుంటే సిగ్గేసింది.

"నీకీ గీతలు ఎలా అర్థమయ్యాయే?" అన్నాను.

"పందొమ్మిదేళ్లుగా కిలోల లెక్కన కూలి తీసుకున్నదాన్ని. గీతలు రాకపోతే ఏం, కిలో రాదా?" అంది. "మెషీను గీత మెల్లగా పోతుందన్నారు కదమ్మా. అంటే దాని కడుపు నిండేదాకా వేస్తూనే ఉండాలి. మీ బట్టలొక్కటే దానికి చాలవు. చాలేటన్ని ఎక్కడున్నాయో వెతికాం, అంతే. పదిహేను వందల కిలోల దగ్గర మా గీత దాని గీతని దాటుతుంది. అక్కణ్ణించి పైనున్నదంతా మాదే."

నీ లెక్కతో సరిచూడు. మీ బావ చూశారు, సరిగ్గా పదిహేను వందలే. మెషీను వస్తే వాళ్లేమైపోతారోనని నేను ఏడ్చాను, నువ్వు ఏడ్చావు. ఆ మెషీను వాళ్లు తీసుకోవచ్చని మనిద్దరిలో ఒక్కరికీ తట్టలేదు చూశావా. నాకు అదే ఇప్పటికీ మింగుడు పడట్లేదు.

ఏజెంటు వచ్చి పేరు మార్చి వెళ్లాడు. మెషీను మీట నొక్కింది చెల్లెలే. నేనూ ఇప్పుడు కిలోకి తొమ్మిదే ఇస్తున్నాను కాబట్టి, తూకం మళ్లీ తొమ్మిది వందలకొస్తే నెలకి నాకు రెండువేల ఏడు వందలు మిగులుతాయి, పైన గది అద్దె. మీ బావ మఫ్లరు లేకుండా రోజూ రెండుసార్లు వీధి చివరిదాకా నడుస్తుంటే, బట్టలు మెల్లగా తిరిగొస్తున్నాయి.

నిన్న మధ్యాహ్నం నా మూటలు తీసుకుని నా ఇంటి వెనక గదికి వెళ్లాను. గుమ్మంలో లాడ్జి మనిషి, సెలూను మనిషి వరసలో ఉన్నారు. వాళ్ల వెనక నిలబడ్డాను. నా వంతొచ్చింది. మరకలమ్మ నా మూట తూచి, నంబరు రాసి, ఒక చీటీ నా చేతిలో పెట్టింది.

"రేపు సాయంత్రం రండమ్మా. చీటీ పారేసుకోకండి, చీటీ లేకపోతే బట్టలివ్వం" అంది.

తెరిచిన నోరు ఇంకా మూయని
అక్క

తా.క.: ఆరు వేల కిలోలు దాటితే రెండో మెషీను తేవాలట. అప్పుడు గీత అలాగే పోతుందా, మధ్యలో మెట్టెక్కుతుందా అని మరకలమ్మ నిన్ను అడగమంది. ఊరికే వద్దట, ఫీజు ఇస్తుందట. నీ ఫీజు నెలకింతనా, ప్రశ్నకింతనా, లేక రెండూ కలిపా అన్నది ముందు రాయమంది. రెండూ కలిపైతే ఇంకొకరిని చూసుకుంటుందట.